కుడిచేతి దిక్కు అమ్రోలి

సోమలింగం చెప్పే మాటలో పావలా వంతు నిజం ఉంటుందని సూరత్ లింబాయత్ గల్లీల్లో అందరూ అంటారు. మిగతాది అబద్ధమంటే మాత్రం ఆయన ఒప్పుకోడు. అది ఇంకా జరగని నిజమని ఆయన వాదన. తాను సూరత్‌లో రైలు దిగిన రోజున తాపీ నది బెత్తెడు పక్కకు జరిగి దారిచ్చిందని, ఆ బెత్తెడు జాగాలోనే ఎవరో సేటు మేడ కట్టుకున్నాడని కళ్లార్పకుండా చెప్పగలడు. వినేవాడు నవ్వితే, "పో, పోయి కొలుచుకో" అంటాడు.

మగ్గం సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయన మాటలో పొల్లు ఉండదు. పుట్టింది సిరిసిల్ల అవతల, మానేరు ఒడ్డున చిన్న ఊళ్లో. తండ్రిది గుంటమగ్గం. కాళ్లు గుంటలోకి అందే వయసు రాగానే తండ్రి ఆయనను పీట మీద కూర్చోబెట్టాడు. చేతిమగ్గం కూడు పెట్టని రోజులు వచ్చాక అందరిలాగే రైలెక్కాడు. మానేరు అవతలి ఒడ్డు నుంచి కొత్తగా పెళ్లి చేసుకొచ్చిన స్వరాజ్యాన్ని తీసుకుని తాపీకి ఉత్తరపు ఒడ్డున అమ్రోలిలో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాడు. వంతెన దాటి పోయి సాంచల మీద పని. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచె అంటారు. కొన్నేళ్లకు సాంచె నడిపేవాడు కాస్తా సాంచె బాగుచేసే మాస్టర్ అయ్యాడు. షెడ్డు బయట నిలబడి, లోపల వంద సాంచలు ఒకేసారి మోగుతుంటే, ఏది దగ్గుతోందో చెప్పేవాడు. సేట్లు కారు పంపించి పిలిపించుకునేవాళ్లు. ఒకసారి హెలికాప్టర్ కూడా పంపారట. అది దిగడానికి లింబాయత్‌లో జాగా లేక వెనక్కి పోయిందట.

ఇంత మనిషికీ ఏడాదిలో ఒక్కరోజే పండుగ. శ్రావణ పున్నమి.

ఆ రోజు సూరత్ పద్మశాలీలు మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. స్వామి రథానికి ముందు ఇంకో బండి ఉంటుంది. దాని మీద చేతిమగ్గం. స్వామి గుడి గడప దాటిన క్షణాన మగ్గం మీద మొదటి పోగు పడాలి. గల్లీలన్నీ తిరిగి స్వామి మళ్లీ గడప ఎక్కేలోపు గుడ్డ పూర్తి కావాలి. దాన్ని పసుపునీళ్లలో తడిపి స్వామి భుజాన కప్పుతారు. బండి కదులుతున్నంతసేపూ, పోగును అటూ ఇటూ మోసే నాడె ఆగకూడదు. నాడె ఆగితే కులం ఊపిరి ఆగినట్టేనని పెద్దల మాట. దోవలో మరాఠీ వాళ్లు షర్బత్ ఇస్తారు, గుజరాతీ ఆడవాళ్లు మేడల మీది నుంచి పూలు చల్లుతారు. అందరి కళ్లూ స్వామి మీద పడకముందు మగ్గం మీద పడతాయి. ఆ మగ్గం పీట హారతి పుట్టిన ఏటి నుంచి సోమలింగానిదే. హారతి ఆయన ఒక్కతే బిడ్డ. ఇప్పుడు చీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే ఉద్యోగం చేస్తోంది.

ఆ పీటకే ఈ ఏడు ముప్పు వచ్చింది.

పున్నమికి ముందు సంఘం మీటింగులో అధ్యక్షుడు శ్యాంసుందర్ గొంతు సవరించుకున్నాడు. "కాకా, ఏమనుకోకు. నిరుడు గుడ్డ అంచు వంకర పోయింది. జర వయసు గూడ చూసుకోవాలె గద. ఈసారి పీట సదానందానికి ఇద్దామనుకుంటున్నం."

సదానందం స్వయానా స్వరాజ్యం తమ్ముడు. హజీరా ఫ్యాక్టరీ వాళ్ల బస్సు నడుపుతాడు. చిన్నప్పుడు చేతిమగ్గం నేర్చాడు. మర్చిపోలేదు. "అవ్ బావా," అన్నాడు నవ్వు దాచుకోకుండా. "నువ్వు బండి పక్కపొంటి నడుసుకుంట కతలు జెప్పు. నేను నేస్త. ఇద్దరం ఎవలికొచ్చిన పని వాళ్లం జేసినట్టయితది."

సోమలింగం లేచి నిలబడ్డాడు. "నిరుడు అంచు వంకర పోలేదు. రోడ్డు వంకర పోయింది. రోడ్డు ఎట్ల పోతే నా గుడ్డ అట్ల పోయింది. గది ఇమాన్‌దారి!"

అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే ఆయన నోటి నుంచి ఇంకో మాట దూకింది. "ఈసారి అంచులు, పువ్వులు గాదు. తాపమ్మనే నేస్త. సాత్పురా కొండల కాడ మొదలుపెట్టి, డుమస్ కాడ సముద్రంల కలిపి స్వామి భుజమ్మీదేస్త. ఒక్క ఊరు జాగ తప్పినా నేనే బండి దిగుత. మల్ల ఎక్క."

"మాటేనా?" అన్నాడు సదానందం.

"మాట గాక ఇంకేంది? నేను ఆ నది నడుసుకుంట వచ్చినోన్ని. కొండల కాడికెళ్లి సముద్రం దాక."

నడిచాడో లేదో ఎవరికీ తెలియదు. స్వరాజ్యానికి కూడా తెలియదు. సాంచలు బందైన ఒక ఎండాకాలం మనిషి కొన్నాళ్లు కనిపించకుండా పోయి, మొహం నల్లబడి, చెప్పులు లేకుండా తిరిగి వచ్చిన మాట మాత్రం నిజం.

భూగోళం పుస్తకాల్లో నదులు సముద్రం ఒడ్డుకు రాగానే బుద్ధిగా కూర్చుని, తెచ్చిన మట్టిని విసనకర్రలా పరుస్తాయి. దాన్ని డెల్టా అంటారు, పరీక్షలో బొమ్మ గీస్తే మార్కులు వేస్తారు. తాపీ అంత బుద్ధిమంతురాలు కాదు. దేశంలో పెద్ద నదులు చాలావరకు తూర్పుకు పోతుంటే పడమటికి మొహం తిప్పుకున్న మొండిది. కొండల మధ్య ఒదిగి ఒదిగి వచ్చి, ఉకాయి దగ్గర ఆనకట్ట వెనక కాసేపు సరస్సులా పడుకుని, అది దాటాక ఒళ్లు విరుచుకుంటుంది. అక్కడి నుంచి నల్లమట్టి మైదానం. దక్షిణాన బార్డోలీ చెరుకు తోటల మీదుగా మిండోళా అనే చిన్న నది తాపీకి తోడుగా సముద్రం దాకా నడుస్తుంది. సూరత్ చేరాక తాపీ నాగుపాములా మెలికలు తిరుగుతుంది. కుడి ఒడ్డున అమ్రోలి, ఎడమ ఒడ్డున వరాఛా, పాత నగరం. ఆఖర్న కుడివైపు హజీరా, ఎడమవైపు డుమస్. రెండింటి నడుమ నోరు తెరిచి సముద్రంలో పడుతుంది. పడ్డాక కూడా ఊరుకోదు. రోజూ పోటు వేళకు సముద్రం నదిలోకి ఎదురెక్కి నగరం దాకా వస్తుంది, ఆటు వేళకు వెనక్కి పోతుంది. పోయినప్పుడు బురద దిబ్బలు తేలతాయి, వచ్చినప్పుడు మునుగుతాయి. ఏది నేల, ఏది నీరు అన్న తగవు అక్కడ ఇప్పటికీ తేలలేదు.

హారతి ఫోనులో మ్యాపు చూసి ఇదంతా గుడ్డ పొడుగున కాగితం మీద గీసిచ్చింది. "బాపూ, ఇది ఈస్ట్, ఇది వెస్ట్. మంచిగ దేఖో. తర్వాత నన్ను అనొద్దు."

"బిడ్డా, నాకు తూర్పు పడమర నేర్పుతున్నవా? సూర్యుడు నన్నడిగి పొడుస్తడు."

పున్నమి నాడు పొద్దున సన్నని తుంపర. బండి పైన ప్లాస్టిక్ కప్పు కట్టారు. సోమలింగం మగ్గం మీద నిలువుగా సాగిన పడుగు కింద హారతి గీసిన కాగితాన్ని పిన్నులతో గుచ్చాడు. గోధుమరంగు కొండలకు, నీలం నదికి, ఆకుపచ్చ తోటలకు, ఎరుపు చుక్కలు ఊళ్లకు. ఒక్కో రంగుకూ దారం చుట్టిన చిన్న చిన్న కండెలు. రంగు ఎక్కడ కావాలో అక్కడే పోగు తిప్పి, ముడివేసి తెంపేయాలి. ముడులు చేతికి అందాలి కాబట్టి ఆయన తండ్రి నేర్పినట్టే గుడ్డ వెనకవైపు పైకి ఉండేలా, మొఖం కిందికి ఉండేలా నేత మొదలుపెట్టాడు. నేసినంత మేర కాగితం ఊడదీస్తూ, మొఖం ఎలా వస్తోందో చూసుకోవడానికి మగ్గం కింద ఒక అద్దం కట్టాడు. స్వరాజ్యం ఆయన వెనక రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

స్వామి గడప దాటాడు. మొదటి పోగు పడింది. డప్పులు మోగాయి.

లింబాయత్ గల్లీలు దాటేసరికి గుడ్డ మీద కొండలు వచ్చాయి. అద్దంలో చూస్తే ముచ్చటగా ఉన్నాయి. రైలు పట్టాల కిందుగా పోయే గర్నాళాలో బండి వంగి లేస్తూ పోతుంటే ఉకాయి సరస్సు నిండింది. బయట తడి రోడ్డు మీద చెరుకు తోటలు పచ్చగా పరుచుకున్నాయి. సదానందం బండి పక్కనే నడుస్తూ అడుగడుక్కూ తొంగి చూస్తున్నాడు. పైకి ముడులు, దారప్పోగులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"బావా, గడ్డం గీసుకోని ముసలాయన లెక్క కనవడుతుంది నీ తాపమ్మ."

"మొఖం కిందికున్నది బిడ్డా. పెండ్లిపిల్లను ముందే చూపిత్తరా?"

రోడ్డు ఎన్ని వంకరలు పోయినా ఈ ఏడు అంచు నిటారుగానే ఉంది. నది మెలికలు తిరిగింది. వరాఛా చుక్క పడింది, అమ్రోలి చుక్క పడింది. ఇక మిగిలింది హజీరా, డుమస్, సముద్రం.

ఒక నాలుగు దారుల కూడలిలో హారతుల కోసం స్వామి ఆగాడు. స్వామి ఆగితే నాడె కూడా ఆగవచ్చు. స్వరాజ్యం చేతిలోని కండె ఒకటి జారి మగ్గం కిందికి దొర్లింది. ఆమె బండి దిగి, ముందువైపు నుంచి వంగి మగ్గం కిందికి దూరింది. కండె దొరికింది. ఆమె మాత్రం పైకి లేవలేదు.

"ఓ హారతి బాపు." గొంతు కింద నుంచి వచ్చింది.

"ఏంది?"

"మన అమ్రోలి ఏడున్నది?"

"ఏడుంటది? పొద్దుగూకే దిక్కు మొఖం పెడితే తాపమ్మకు కుడిచేతి దిక్కు. ఇగో."

"పైన కుడిదిక్కే ఉన్నది. కింద ఎడమదిక్కున్నది."

"అద్దంల చూడవే, సక్కగనే ఉన్నది!"

"అద్దం నీ అసొంటిదే. ఉల్టాను సీదా చేసి చెప్తది. నేను గుడ్డ మొఖాన్నే చూస్తున్న. కొత్త కాపురంల పొద్దుమీకి వంతెన మీద పొద్దుగూకే దిక్కు మొఖం పెట్టి నిలవడి నీకోసం ఎన్నిసార్లు చూడలే? మన అర్ర నాకు కుడిచేతి దిక్కుంటుండె. గీ గుడ్డల గది వరాఛా దిక్కు పోయింది."

సోమలింగం పీట మీది నుంచి వంగి, మగ్గం కింద తల పెట్టి చూశాడు.

ఇన్నేళ్లూ ఆయన నేసినవి పువ్వులు, నెమళ్లు. పువ్వుకు కుడి ఎడమ లేదు. నెమలి ఇటు చూసినా నెమలే, అటు చూసినా నెమలే. అందుకే మొఖం కిందికి పెట్టి నేసినప్పుడు బొమ్మ తారుమారవుతుందన్న సంగతి ఆయన తండ్రికీ పట్టలేదు, తాతకూ పట్టలేదు. నదికి మాత్రం కుడి ఒడ్డు, ఎడమ ఒడ్డు ఉంటాయి. కాగితాన్ని తిప్పి గుచ్చి ఉండాల్సింది. గుచ్చలేదు. పైగా కింద కట్టిన అద్దం తారుమారైన బొమ్మను మళ్లీ తారుమారు చేసి, అంతా బాగుందని పొద్దుటి నుంచీ నమ్మబలికింది. అబద్ధాలకోరును అబద్ధం ఇలా మోసం చేయడం న్యాయమే కావచ్చు. కానీ అది ఇంకో రోజు జరిగితే బాగుండేది.

విప్పి నేయడానికి వేళ లేదు. ఇలాగే కానిస్తే హజీరా డుమస్ చోటికి, డుమస్ హజీరా చోటికి వస్తాయి. రోజూ హజీరాకు బస్సు నడిపే సదానందం అది చూడగానే పట్టేస్తాడు. అప్పుడు పీట పోతుంది. మాట ఇచ్చింది తనే.

డప్పులు మళ్లీ ఎత్తుకున్నాయి. స్వరాజ్యం బండెక్కి రాట్నం ముందు కూర్చుంది. స్వామి కదిలాడు. సోమలింగం నాడె విసిరాడు. నాలుగు పోగులు పడేసరికి ఆయనకు ఒక ఉపాయం తట్టింది.

"స్వరాజ్యం," అన్నాడు తల తిప్పకుండా. "పైదిక్కు ఎట్లున్నది?"

"ముడుల గడ్డం."

"గడ్డం తీసేస్తే?"

స్వరాజ్యం రాట్నం వదిలి లేచి, గుడ్డను పై నుంచి వేళ్లతో తడిమింది. రంగు పోగు ఎక్కడికక్కడే తిరిగింది కాబట్టి రంగులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. తేడా అల్లా ముడులే. పైవైపు ముడులన్నీ కోసి, కొసలను సూదితో గుడ్డలోకి దాచేస్తే పైవైపే మొఖమవుతుంది. అమ్రోలి కుడిచేతి దిక్కున, ఉండవలసిన చోట ఉంటుంది.

"గుడిల పసుపునీళ్లల్ల తడిపే అర్రల చేస్త," అంది స్వరాజ్యం. "మన గల్లీ సారక్కను, భూదేవిని తోడు పట్టుకుంట. గడ్డం తీసుడు మా పని. అప్పటిదాంక మందిని ఆపుడు నీ పని. పనైనంక లోపటికెళ్లి గొళ్లెం ఆడిస్త. గొళ్లెం మీదనే ఒక కన్నుంచు."

"ఎంతసేపు?"

"కొండలకాడికెళ్లి సముద్రం దాంక ముడులేనాయె. నువ్వు ఎంతసేపు నడిచినవో గంతసేపు."

స్వామి గుడి ముందుకు వచ్చే వేళకు సముద్రం కూడా వచ్చింది. బూడిదరంగు పోగులతో ఆఖరి బెత్తెడు నేసి, సోమలింగం గుడ్డ కోసి స్వరాజ్యం చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని మడిచి కొంగు కింద పెట్టుకుని, మిగతా ఇద్దరితో అర్రలోకి పోయి తలుపు వేసుకుంది. పసుపునీళ్లలో తడిపేటప్పుడు మగవాళ్లు చూడకూడదన్నది పాత ఆచారం. అది ఇంత ఉపయోగపడుతుందని పాతవాళ్లు కూడా అనుకుని ఉండరు.

"కాకా, ఎంతసేపు? పూజకు అయ్యగారు తొందరపడుతుండు," అన్నాడు శ్యాంసుందర్.

సదానందం తలుపు వైపు అనుమానంగా చూశాడు. "పసుపునీళ్లకు ముగ్గురు ఆడోళ్లెందుకు బావా?"

సోమలింగం గుడి అరుగు ఎక్కి కూర్చున్నాడు. "నది పెద్దది రా. ఒక్కదానికి ఎత్తరాదు. సరే, మీరంతా గుడ్డ చూస్తరు గని, ఆ తొవ్వల నాకేమైందో తెలువకుంటే ఏం చూస్తరు? కూసోండి."

కూర్చున్నారు. ఎండ తగ్గింది, కాళ్లు నొప్పులు, చేతుల్లో చాయ్ కప్పులు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"తాపమ్మ పుట్టిన కాడ నీళ్లు నా దోసిలి నిండేటన్నే ఉన్నయి. నేను దూపతోని ఒక్క దోసిలి తాగిన. కింద సూరత్‌ల ఆ దినం నల్లాలు బంద్!"

"అది నువ్వేనా కాకా?" ఎవరో అరిచారు. "మా అమ్మ శాపాలు పెట్టింది!"

"తగిలినయి బిడ్డా, అందుకే చెప్పులు పోయినయి. సాత్పురా అడవిల ఒక పులి అడ్డమొచ్చింది. ఏడికి అన్నది. సూరత్ అన్న. సాంచల మాస్టర్‌నని చెప్పిన. నా ఒంటి చారలు జర వంకర పోయినయి, సీదా చేస్తవా అన్నది. చేసిన. ఇప్పుడు ఆ అడవిల పులులన్నీ నా చారలేసుకుని తిరుగుతయి."

గొళ్లెం కదల్లేదు.

"ఉకాయి కాడ మొసలి నన్ను వీపు మీద ఎక్కించుకున్నది. కిరాయి ఏమిస్తవన్నది. పాలిస్టర్ చీర ఇస్త అన్న. నాకు చీర ఎందుకు, మా ఇంటిదానికి కావాలె, అదీ జరీ అంచుది కావాలె అన్నది. మొసలైనా ఆడోళ్ల సంగతి తెలిసినది."

నవ్వులు మేడల దాకా పోయాయి. గుజరాతీ ఆడవాళ్లు కూడా అర్థం కాకుండానే నవ్వారు. సదానందం మాత్రం తలుపు వైపు రెండడుగులు వేశాడు. సోమలింగం గొంతు మార్చాడు.

"సదానందం, ఆగు. ఇది నువ్వు వినాలె. ఉకాయి దాటినంక నేను నల్లమట్టిల కాలు పెట్టిన. చేతిల పట్టుకుని చూసిన. గా మన్ను ఈడిది గాదు. కొండలది. తాపమ్మ దొంగది రా. కొండల మన్ను దినాం జరంత కొంగున కట్టుకొచ్చి, సముద్రం చూడంగనే భయపడి ఈడ ఇడిసిపెట్టింది. గట్ల ఏండ్లకేండ్లు ఇడిసిపెడితే గీ నేలైంది. సూరతంతా గా దొంగమన్ను మీదనే ఉన్నది. మరి మనమో? మనల్ని రైలు తెచ్చి ఇడిసిపెట్టింది. ఒరియావోళ్లను, మరాఠోళ్లను, మనల్ని. ఎవడన్న మీది ఏ ఊరని అడిగితే సిగ్గుపడకుండ్రి. కొండల నుంచి వచ్చినోళ్లమని చెప్పుండ్రి. ఈడ నేలే బయటి నుంచి వచ్చింది!"

ఒకరిద్దరు తలలు ఆడించారు. శ్యాంసుందర్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఇగ నీళ్ల సంగతి. కొత్త మగ్గాలు చూసిండ్రు గద, వాటర్‌జెట్. నాడె లేదు, నీటిచుక్కనే పోగును ఈడ్సుకపోతది. గా నీళ్లు ఏడియి? తాపమ్మవి. అంటే ఈ ఊర్ల నది గూడ మన కులపుదే. నేతపని చేస్తది!"

ఈసారి చప్పట్లు. ఆయన కంటి కొసతో గొళ్లెం చూశాడు. కదల్లేదు. వరాఛా దాటాడు, అమ్రోలి దగ్గర అర్ర కిరాయి కథ చెప్పాడు, పాత వంతెనల కింద ఈదాడు, హజీరా మడ చెట్లలో పీతలతో పంచాయితీ చేశాడు, డుమస్ నల్లటి ఇసుక మీద నిలబడ్డాడు. సముద్రం వచ్చేసింది. కథ అయిపోయింది. గొళ్లెం మాత్రం చచ్చిన పాములా పడి ఉంది.

"అయిపోయిందా బావా? ఇగ తలుపు తియ్యమను," అన్నాడు సదానందం.

సోమలింగం నుదురు తుడుచుకున్నాడు. సముద్రానికి అవతల ఆయనకు ఊళ్లు లేవు. అప్పుడు తాపీయే ఆదుకుంది.

"అయిపోతుండెరా. గని గప్పుడే పోటొచ్చింది! సముద్రం లేచి నన్ను నెత్తిన పెట్టుకుని ఎనుకకు, మల్ల సూరత్‌కు తెచ్చింది. మల్ల మొదలు!"

జనం గొల్లుమన్నారు. ఆయన అదే ఊపులో సూరత్ మునిగిన వరద ఏటి సంగతి ఎత్తుకున్నాడు. పెద్ద వరద వచ్చింది సరిగ్గా రాఖీ పున్నమి రోజుల్లోనే. ఆ ఏడు రథం కదలలేదు. "పైనుంచి కొండలు నూకినయి, కిందినుంచి సముద్రం పోటుతోని తలుపేసింది. తాపమ్మ నడుమ ఇరుక్కుని, పోయే తొవ్వ లేక మన ఇండ్లల్లకొచ్చి కూసున్నది. ఇంటికొచ్చిన ఆడిబిడ్డను ఏమంటం? స్వామికి గుడ్డ మాత్రం తప్పొద్దు గద. మగ్గం పడవ లెక్క తేలింది. నేను దాని మీద కూసుని గల్లీలన్నీ తిరుక్కుంట నేసిన. ఎవ్వరు చూడలే. ఎట్ల చూస్తరు, అందరు మేడల మీదుండిరి."

"మేడల మీది నుంచే బాగ కనవడాలె గద బావా!"

"కనవడాలెనంటే కండ్లు తెరువాలె. మీరంత నెత్తిమీది హెలికాప్టర్లను చూసుకుంట ఉంటిరి."

గొళ్లెం ఆడింది. టక్, టక్. సోమలింగానికి జీవితంలో ఏ సాంచె చప్పుడూ అంత తీయగా వినిపించలేదు.

తలుపు తెరుచుకుంది. స్వరాజ్యం, సారక్క చెరో కొస పట్టుకుని గుడ్డను విప్పారు. పసుపు తడికి రంగులు మెరిశాయి. ఒక కొసన గోధుమరంగు కొండలు. వాటి నుంచి నీలం దారి దిగి, సరస్సయి, పచ్చటి తోటల నడుమ సన్నబడి, నగరం దగ్గర మెలికలు తిరిగి, వెడల్పయి బూడిదరంగు సముద్రంలో కరిగిపోయింది. జనం అరుగు దాకా తోసుకొచ్చారు. తాము రోజూ తాగే నీళ్లు ఇంత దూరం నుంచి, ఇంత వయ్యారంగా వస్తున్నాయని చాలామంది అప్పుడే చూశారు. హారతి ఫోను పక్కన పెట్టి చూసింది. "బాపూ, బరాబర్ హై!" అని ఎగిరింది.

సదానందం దగ్గరికి వచ్చాడు. హజీరా మీద వేలు పెట్టాడు, సరిగ్గానే ఉంది. డుమస్, సరిగ్గానే ఉంది. అతని వేలు నది వెంట ఎదురెక్కి అమ్రోలి దగ్గర ఆగింది. ఎరుపు చుక్క మీద చిన్న ముడి తగిలింది.

"ఇదేంది అక్కా? ఇంత సాఫుగున్న గుడ్డల గీడ గడ్డ?"

సోమలింగం అరుగు మీదే లేచి నిలబడ్డాడు.

స్వరాజ్యం తమ్ముడి వేలిని మెల్లగా తీసేసింది. "అది గడ్డ గాదురా. అది మా అర్ర. కొత్తగా వచ్చినప్పుడు గాడనే ఉంటిమి. ఊరు చదునుంటది, ఇల్లు ఎత్తుండదా?"

ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. సదానందం ఊరుకోలేదు. గుడ్డను తిప్పాడు. అటువైపు కూడా ఎక్కడా ఒక్క పోగు బయటికి లేదు. అతని మొహం వెలిగింది. "చూడుండ్రి! గిటు దిక్కు చూస్తే అమ్రోలి ఉల్టా ఉన్నది! హజీరా ఉల్టా ఉన్నది!"

"ఓరి నా బామ్మర్ది," అన్నాడు సోమలింగం, అరుగు మీది నుంచి దొరలా దిగుతూ. "గుడ్డ ఎనుకదిక్కు ఉల్టా ఉండక సీదా ఉంటదిరా? నీ అంగీ ఇప్పి ఉల్టా తొడుక్కో. జేబు ఏడికి పోయిందో ఎతుక్కో."

శ్యాంసుందర్ నవ్వు ఆపుకోలేక గుడ్డను కళ్లకు అద్దుకుని అయ్యగారికి అందించాడు. "కాకా, పీట నీదే. నీ చేతులు ఆడినన్ని దినాలు నీదే."

అయ్యగారు గుడ్డను స్వామి భుజాన వేశాడు. కొండలు భుజం మీద నిలిచాయి. నది రొమ్ము మీదుగా జారింది. సముద్రం పాదాల దగ్గర కుప్పగా పడింది. డప్పులు ఆకాశం దాకా మోగాయి. సదానందం కూడా గంతులేశాడు, అందరికన్నా ఎక్కువే వేశాడు. అంగీ మాత్రం సరిగ్గానే తొడుక్కున్నాడు.

జనం పలచబడ్డాక సోమలింగం మగ్గం విప్పి తాళ్లు చుడుతున్నాడు. స్వరాజ్యం పక్కన కూర్చుని సూది గుచ్చుకున్న వేళ్లను చప్పరిస్తోంది. ఆయన కాసేపు ఆగి అడిగాడు.

"నిజం చెప్పు. అమ్రోలి కాడి ముడి మరిచినవా, కావాలని ఉంచినవా?"

ఆమె మగ్గం కింది నుంచి అద్దం విప్పి, కొంగుతో తుడిచి, బొట్టు సరిచేసుకుంది.

"ముందుగాల నువ్వు చెప్పు. తాపమ్మ పొంటి ఎంత దూరం నడిచినవో నిజం చెప్పు. అటెనుక ముడి సంగతి నేను చెప్త."

సోమలింగం మగ్గం తాడు ఒక కొసను ఆమె వైపు విసిరాడు.

"తాడందుకో," అన్నాడు. "వచ్చే ఏడు మానేరు నేద్దాం. దాని కుడి ఎడమలు నీకే ఎరుక."